పద్నాలుగు ఇళ్ల తాళంచెవులు

దీపావళి వెళ్లిన తొమ్మిదో రోజుకు ఎర్రదిన్నెలో పద్నాలుగు ఇళ్లకు తాళాలు పడ్డాయి. తాళంచెవులన్నీ ఎప్పటిలాగే తిమ్మక్క ఇంట్లో, దేవుడిగూడు పక్కనున్న మేకుకు చేరాయి.

కల్లూరు దాటి మట్టిదారిలో మూడు మైళ్లు పోతే వచ్చే పల్లె అది. అరవైనాలుగు గడపలు. వానకాలం పంట ఇల్లు చేరాక అక్కడ చేతులకు పని ఉండదు. మేస్త్రీ వస్తాడు, బెంగళూరులో కట్టే మేడలకు మనుషుల్ని మాట్లాడుకుని పోతాడు. మూడోనాటికి పిల్లలు, చాపలు, జొన్నపిండి మూటలు, మసిబారిన గిన్నెలు అన్నీ బస్సెక్కుతాయి. గుళె పోవడం అంటారు దాన్ని. తొలకరి పడేదాకా మళ్లీ రారు. వెళ్లేవాళ్లు ఇంటికి తాళం పెట్టి, తాళంచెవి తెచ్చి తిమ్మక్క చేతిలో పెట్టి, "మళ్లొస్తం అవ్వా, ఇల్లు జర చూస్తుండు" అంటారు.

ఆమెకు డెబ్బై దాటాయి. పిల్లలు లేరు. ప్రతి శుక్రవారం పొద్దున చీపురు, ఆముదం సీసా, ముగ్గుడబ్బా పట్టుకుని బయల్దేరుతుంది. ఒక్కో ఇంటి ముందు ఊడ్చి, తాళంలో రెండు చుక్కల ఆముదం వేసి, గడప ముందు ఒకే ఒక్క గీత ముగ్గు పెడుతుంది. ఇంటికి మనుషులున్నారని చెప్పడానికి ఆ గీత చాలు. అంతవరకే. తలుపు మాత్రం తెరవదు. ఇచ్చినవాళ్లు చెప్పందే తాళం తియ్యకూడదన్నది ఆమె పెట్టుకున్న నేమం. ఒకసారి నింగప్ప ఇంట్లో పిల్లి చిక్కుకుని రెండు రోజులు అరిచింది. బెంగళూరుకు ఫోను కలిసి, వాళ్లు తియ్యమన్నాకే తీసింది. పిల్లి బతికింది. ఆ రెండు రోజులూ తిమ్మక్క అన్నం ముట్టలేదు.

ఏ తాళంచెవి ఎవరిదో తెలియడానికి ఆ ఇంటి పాతచీర పేలిక ఒకటి దానికి కట్టి ఉంచుతుంది. పేలిక లేనిది ఒకటుంది, పదిహేనోది. నలభై ఏళ్లనాడు మొగుడు అనంతయ్య బొంబాయి పోతూ ఇచ్చిన ట్రంకుపెట్టెది. "మళ్లొస్త" అనే పోయాడు. పెట్టె తుప్పుపట్టి, అడుగు ఊడి, ఎప్పుడో పాతసామాన్ల బండికి వెళ్లిపోయింది. తాళంచెవి మాత్రం మేకుకే ఉంది.

పోయేవాళ్లను సాగనంపడానికి నిలబడీ నిలబడీ ఆమెకు చదువొచ్చింది. బస్సు నుదుటి మీద బోర్డు ఉంటుంది కదా. ఏ బస్సు ఎటు పోతుందో నోటితో తెలుసు, ఆ పేరు పలుకుతూ అక్షరాలు చూసేది. మొదట రాయచూరు, తర్వాత లింగసుగూరు. లింగసుగూరులో మొదటి అక్షరమూ ఇడపనూరులో మొదటి అక్షరమూ పక్కపక్కన పెట్టుకుని, 'లి' మీది గుడి ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక వేసవి పట్టింది. యాభై ఏళ్లు దాటాక బస్సు బోర్డు మీంచి గోడ రాతలకు, గోడల మీంచి పొట్లం కాగితాలకు, అక్కడినుంచి పిల్లల పుస్తకాలకు వచ్చింది. కన్నడం చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది, కొంచెం తడుముకుంటూ.

ఆ పిల్లల పుస్తకాలు ఎక్కువగా చైత్రవి. నింగప్ప, మంజమ్మల కూతురు. పదేళ్లది, ఐదో తరగతి. సాయంత్రం వచ్చి తిమ్మక్క అరుగు మీద కూర్చుని పాఠం చదివేది. తిమ్మక్క తప్పు చదివితే నవ్వకుండా దిద్దేది. ఈ ఏడూ మంజమ్మ పిల్లను వెంట తీసుకుపోయింది. ఎనిమిది నెలల విశాల్‌ను ఎత్తుకోవడానికి మనిషి కావాలి మరి. బస్సెక్కే ముందు చైత్ర పుస్తకాలు తెచ్చి, "ఇంట్ల పెడితే ఎలుకలు కొడతయి అవ్వా, నీ తాన పెట్టుకో" అని ఇచ్చింది.

బడి మాస్టరు విరూపాక్ష ఆ మర్నాడే తిమ్మక్కతో అన్నాడు. "మూడేండ్ల సంది సగం సగం చదువే. ఈసారి జూన్ దాక రాకపోతే ఆ పిల్ల ఇంగ బడికి రాదవ్వా. నేను గిసుంటోళ్లను మస్తు మందిని చూసిన."

ఆ మాట తిమ్మక్క గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. రాత్రి మంచినీళ్లకు లేచినా అదే, పొద్దున పొయ్యి రాజేసినా అదే. పిల్ల తిరిగి రావాలి. ఎట్లా అన్నది మాత్రం తెలియదు.

అట్లాంటి రోజుల్లో కిరణ్మయి ఊళ్లోకి వచ్చింది. రాయచూరులో ఒక సంస్థలో పని. తండ్రి శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగి, అసలు ఊరు గోదావరి వైపు. బడి ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఊరికేం కావాలో ఊరే చెప్పాలండీ. పైనుంచి ఎవరో రాసిచ్చేది కాదు. మీరే ఒక పని ఎంచుకోండి, మీరే చెయ్యండి. మేం వెనక ఉంటాం."

"ఎనక ఉండేటోళ్లు మస్తుమంది ఉన్నరు మేడమ్. ముంగటికొచ్చేటోళ్లే లేరు" అన్నాడు టీకొట్టు మారెప్ప. జనం నవ్వారు, కిరణ్మయి కూడా నవ్వింది.

బడి వాకిట్లో ముగ్గుపిండితో ఊరి పటం గీశారు. వాగు, దారి, చేతిపంపు, ఒక్కో ఇల్లూ. ఇంటికి పది చింతగింజలు ఇస్తారట. నాలుగు కాగితాల మీద నాలుగు పనుల బొమ్మలుంటాయి. నీళ్లట్యాంకు, సిమెంటు రోడ్డు, వాగుకు అడ్డుకట్ట, పిల్లల హాస్టలు. ఎవరికేది కావాలో దాని మీద గింజలు పెట్టాలి. ఎక్కువ గింజలు దేనికొస్తే ఈ ఏడు ఆ పని.

హాస్టలు అన్నది విరూపాక్ష మాస్టరు పెట్టించిన బొమ్మ. గుళె పోయేవాళ్ల పిల్లలు ఆ ఆరు నెలలూ ఊళ్లోనే ఉండి చదువుకుంటారు. ఊరే జాగా ఇవ్వాలి, ఊరి ఆడవాళ్లే వంతులవారీగా వండాలి. ఆ బొమ్మ చూసినప్పటినుంచి తిమ్మక్క దాని మీంచి కళ్లు తిప్పలేదు.

పటంలో తాళం పడిన ఇళ్ల దగ్గరకు వచ్చేసరికి పంచాయతీ మెంబరు గోవిందప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవి ఇడ్సిపెట్టండి. ఇంట్ల మనుషులే లేరు, గింజలెవరికిస్తం? బల్లులకా?"

మళ్లీ నవ్వులు. తిమ్మక్క లేచింది. నలుగురిలో ఎప్పుడూ మాట్లాడని మనిషి. కొంగులోంచి తాళాల గుత్తి తీసి ముగ్గుపిండి మీద పెట్టింది.

"బల్లులకొద్దు. వీటికియ్యి."

"ఏంది తిమ్మక్కా, తాళాలు గూడ మాట్లాడతయా?"

"ఓట్లప్పుడు బస్సు పెట్టి పిలిపిస్తవు గదరా వాళ్లను. గప్పుడు మనుషులు, గింజలకాడ బల్లులా?"

మారెప్ప చప్పట్లు కొట్టాడు. "అవ్వ కాలర్ పట్టింది మెంబర్‌సాబ్! జవాబు చెప్పు!"

గోవిందప్ప కూడా నవ్వేశాడు. చెడ్డవాడు కాదు. కిరణ్మయి వంగి తాళంచెవులు లెక్కపెట్టి, "పదిహేను ఉన్నాయేంటి అవ్వా?" అంది.

"ఒకటి ఇల్లు గాదు బిడ్డా" అంది తిమ్మక్క.

తేలిందేమిటంటే, వచ్చే మంగళవారానికి తిమ్మక్క పద్నాలుగు ఇళ్లకూ ఫోను చేసి అడగాలి. ఎవరి మాట ఏదో నోటుబుక్కులో రాసుకుని, వాళ్ల బదులు గింజలు పెట్టాలి. ఊరంతా ఒప్పుకుంది. తాళంచెవి ఇచ్చినవాళ్లు ఆ మాత్రం మాట ఇవ్వరా అన్నారు.

వారమంతా ఆమె బటన్ల ఫోను పట్టుకుని అరుగు మీదే ఉంది. ఒకరు ఎత్తరు, ఒకరికి సిగ్నలు ఉండదు, ఒకరి వెనక కంకర మిషను మోత. పన్నెండు ఇళ్లవాళ్లు ఒకటే మాటన్నారు, "నీ ఇష్టం అవ్వా, నువ్వెట్ల జెప్తే గట్ల." గురవయ్య మాత్రం రోడ్డుకు వెయ్యమన్నాడు. మోటరుసైకిలు కొన్నాడట.

మంజమ్మ నాలుగో రోజుకు దొరికింది.

"నీళ్లకే వెయ్యి అవ్వా. పదికి పది నీళ్లకే."

"హాస్టలు గూడ ఉన్నది మంజమ్మా. పిల్లలను ఈడ్నే ఉంచి చదివిస్తరంట. మన చైత్ర…"

"చైత్ర ఆడుంటే చిన్నోన్ని ఎవరెత్తుకుంటరు? ఇసుక మోసుకుంట నేనెత్తుకోవాల్నా? హాస్టలుకు మాత్రం వెయ్యకు. పేరు రాసుకుంటే మాస్టరు రోజూ ఫోన్ చేస్తడు." గొంతు తగ్గించింది. "జర ఇను అవ్వా. ఓణిలకు, ఇంటి ముంగటికి నీళ్లొస్తే రెండు బర్రెలు కట్టుకుంటం. ఆయన అదే అంటుండు. పాలు కల్లూరుకు పోస్తం. ఇంగ గుళె పోయేదే లేదు. పిల్ల ఊర్లనే ఉంటది, బడికి గూడ పోతది. ఒట్టు. మళ్లొస్తం."

తిమ్మక్క చెవిలో ఆ చివరి మాట ఒక్కటే నిలిచింది.

మళ్లొస్తం. బస్సు మెట్టు మీద నిలబడి ఆ మాట ఎంతమంది అన్నారో ఆమెకు లెక్కలేదు. అనంతయ్య అన్నాడు. చెల్లెలు అంది, పుణె పోతూ. ఎదురింటి ముసలాయన కొడుకు దగ్గరికి పోతూ, ఇంకెప్పటికీ కదలనని, వచ్చాక కోళ్లు పెంచుతానని, గూడు ఎక్కడ కట్టాలో కర్రతో గీసి చూపించి మరీ పోయాడు. ఊరు విడిచేవాళ్లకు దారిబత్తెం లాంటిది ఆ మాట. అది లేకుండా కాలు ముందుకు పడదు. అంతమాత్రాన నమ్ముతామా?

"చైత్రకియ్యి ఒకసారి" అంది.

"అవ్వా, నా పుస్తకాలు ఎలుకలు కొట్టలే గదా?"

"లేదమ్మా. రేకుడబ్బల పెట్టిన."

"ఈడ గోడ మీద పెద్ద అక్షరాలు రాసిండ్రు. నేను చదివిన. 'ఇక్కడికి పిల్లలు రాకూడదు' అని."

"మరి నువ్వేడున్నవే?"

"గా గోడ కిందనే. తమ్ముడు ఈడైతే నీడకు పండుకుంటడు."

తిమ్మక్క నోటుబుక్కు తీసి నింగప్ప పేరు రాసింది. దాని ఎదురుగా ఏమీ రాయలేదు.

మంగళవారం వచ్చింది. ఇంటికొకరు లేచి గింజలు పెట్టి వస్తున్నారు. చాలామంది ఆడవాళ్ల గింజలు నీళ్లట్యాంకు మీదే పడుతున్నాయి. ఎండాకాలం చేతిపంపు దగ్గర బిందెకు బిందె కొట్లాట ఊరందరికీ తెలిసిందే. హాస్టలు బొమ్మ మీద సగం కాగితం కూడా నిండలేదు.

చివర్లో తిమ్మక్కను పిలిచారు. ఆమె ఒక్కో తాళంచెవీ పైకెత్తి, ఆ ఇంటివాళ్ల పేరు చెప్పి, పదేసి గింజలు పెడుతూ వచ్చింది. గురవయ్యవి రోడ్డు మీద. 'నీ ఇష్టం' అన్నారు కదా అని పన్నెండు ఇళ్లవీ హాస్టలు మీద. నూటఇరవై గింజలు. అందులో తప్పేమీ లేదు.

మిగిలింది నీలం పేలిక కట్టినది.

"నింగప్ప ఇల్లు" అంది. అరచెయ్యి చెమటపట్టి గింజలు అంటుకుపోయాయి. మంజమ్మ మాటలు వినపడ్డాయి, ఆ గోడ కింద పిల్ల మాటలూ వినపడ్డాయి. ముప్పై ఏళ్లుగా ఎవరి తలుపూ వాళ్లు చెప్పందే తెరవని చెయ్యి, వంగి, పది గింజలనూ హాస్టలు బొమ్మ మీద రాల్చింది. రెండు గింజలు అరచేతికి అతుక్కుంటే వేలితో గీకి మరీ పెట్టింది.

"అందరినీ అడిగే పెట్టారు కదా అవ్వా?" అంది కిరణ్మయి.

"అడిగిన" అంది తిమ్మక్క. అదీ అబద్ధం కాదు.

విరూపాక్ష మాస్టరు లెక్క చెప్పాడు. హాస్టలుకు రెండువందల ముప్పైఆరు. నీళ్లట్యాంకుకు రెండువందల ముప్పైఒకటి.

ఐదు గింజలు. తిమ్మక్క మనసులోనే లెక్క వేసుకుంది. పది గింజలు ఇటునుంచి అటు పోతే నీళ్లే గెలిచేవి.

"గెలిచింది హాస్టలు గాదు, తాళాలు!" అని మారెప్ప అరిచాడు. పక్కింటి సౌభాగ్యలక్ష్మి ఆమె భుజం మీద తట్టి, "మా నెత్తి మీద బిందె అట్లనే ఉంచినవు గద తిమ్మక్కా" అంది. నవ్వుతూనే అంది. తిమ్మక్క కూడా నవ్వింది. తర్వాత ఆలోచిస్తే ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఎవరేం కోరారో ఊరందరికీ తెలియాలి కదా, అంతా గోడ మీద రాయిస్తున్నాం అని కిరణ్మయి ఆ సాయంత్రం చెప్పింది. ఆ సంగతి ముందు ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని ఆమెకు తోచలేదు. మర్నాడు పెయింటరు వచ్చి పంచాయతీ గోడకు సున్నం కొట్టి, నీలిరంగుతో అరవైనాలుగు వరసలు రాశాడు. ముప్పైతొమ్మిదో వరసలో: నింగప్ప, హాస్టలు, పది.

చేతిపంపుకు పోవాలంటే ఆ గోడ ముందునుంచే పోవాలి. చదువు రాని రోజుల్లో తిమ్మక్కకు గోడ ఉత్త గోడ. ఇప్పుడు తల వంచుకుని నడిచినా, నీడలో, నీళ్లలో, ఎక్కడ చూసినా ఆ వరస కనిపించేది. కిరణ్మయికి చెబుదామని రెండుసార్లు ఫోను తీసింది. మూడు అంకెలు నొక్కి ఆపేసింది. పిల్ల వస్తే అన్నీ సర్దుకుంటాయనుకుంది. పిల్ల వచ్చి హాస్టల్లో కూర్చుని చదువుకుంటుంటే మంజమ్మ మాత్రం ఏమంటుంది?

గోవిందప్ప గోడను ఫోటో తీసి ఊరివాళ్ల వాట్సాప్‌లో పెట్టాడు. ఊరు మేల్కొందని కింద రాశాడు.

పని మాత్రం ఊరు బాగా చేసింది, అది ఒప్పుకోవాలి. పాతబడిన సొసైటీ గోదాము ఖాళీ చేశారు. గోవిందప్ప తనే నిచ్చెనెక్కి రేకులు బిగించాడు. మారెప్ప తన పాత పొయ్యి ఇచ్చి, పగిలిందని తనే ముందు చెప్పాడు. ఆడవాళ్లు గోడలకు సున్నం కొట్టారు, వంటకు వంతులు రాసుకున్నారు. జనవరి నెలాఖరుకు హాస్టలు తయారు.

పిల్లలు రావడం మొదలైంది. ఒకర్ని మేనమామ, ఇంకొకర్ని తాత, ఎవరో ఒకరు బస్సులో తెచ్చి దించి పోతున్నారు. తిమ్మక్క బస్సు దగ్గర నిలబడేది. ముప్పై ఏళ్లలో ఎక్కేవాళ్ల కోసమే తప్ప దిగేవాళ్ల కోసం ఆమె అక్కడ నిలబడింది లేదు. ఇరవైఇద్దరు దిగారు. ప్రతి పిల్లకూ ఒక చాప, ఒక కంచం. గోడవైపు, కిటికీ కింద, ఒక చాప ఆమె చుట్టి పక్కన పెట్టింది. చైత్రకు వెలుతురు కావాలి చదవడానికి.

మంజమ్మకు ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తదు. పదో పన్నెండోసారి ఎత్తింది.

"బాగున్నరా మంజమ్మా?"

"ఆ. బాగున్నం."

"హాస్టలు తెరిచిండ్రు…"

"చూసిన" అంది మంజమ్మ. "గోడ ఫోటో చూసిన." తర్వాత అటు నుంచి కంకర మిషను చప్పుడు వినిపించింది, కొంతసేపు. ఫోను ఆగిపోయింది.

తిమ్మక్క ఫోను కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. రాలేదు. లేచి హాస్టలుకు పోయి బియ్యంలో రాళ్లు ఏరింది. ఆ రోజునుంచి ఆమెకు కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి, కడుపుకు ఆకలి అవుతోంది, శుక్రవారాలు తాళాల్లో ఆముదం పడుతోంది. మనిషి మాత్రం మొద్దుబారిన కాలులా ఉంది. నేల తగులుతుంది, తగిలినట్టు తెలియదు.

ఉగాదికి వాళ్లు వచ్చారు. విశాల్‌కు పుట్టెంట్రుకలు తీయించాలి, ఊరి దేవుడి దగ్గరే తియ్యాలి. మూడు రోజులే సెలవు. నింగప్ప మూటలు దింపుకుంటుంటే మంజమ్మ నేరుగా తిమ్మక్క వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపింది. తిమ్మక్క నీలం పేలిక తాళంచెవి తెచ్చి ఇచ్చి, ఏం చెయ్యాలో తోచక, ఆమె వెనకే నడిచింది.

తాళం ఆముదం మీద సుతారంగా తిరిగింది. తలుపు తెరుచుకుంది.

నడింట్లో, దుమ్ము కింద, ఎనిమిది వేపగుంజలు పేర్చి ఉన్నాయి. నున్నగా చెక్కి, కొసలకు తారు పూసినవి. పక్కన ఒక రాతి తొట్టి. దాని అంచు మీద రెండు కొత్త పలుపుతాళ్లు, ఇంకా విప్పని చుట్టలు.

"దీపావళికి ముందే తెచ్చిండు లింగసుగూరు సంత నుంచి" అంది మంజమ్మ. కోపం లేదు ఆ గొంతులో. సామాను ఎక్కడుందో చెబుతున్నట్టుంది. "బైట పెడితే ఎవరన్నా పట్కపోతరని ఇంట్ల పెట్టి తాళమేసినం."

తాళంచెవి ఐదు నెలలుగా తిమ్మక్క మేకుకే ఉంది. ఇరవై శుక్రవారాలు ఆ గడప ముందు గీత గీసింది. ఒక్కసారి తలుపు తోసి ఉంటే, ఆ గుంజలు చూసి ఉంటే, ఆ 'మళ్లొస్తం' బస్సు మెట్టు మీది మాట కాదని తెలిసేది. తియ్యకూడదు కాబట్టి తియ్యలేదు.

"పిల్ల చదువుకుంటదని…" అంది.

"నా పిల్ల సంగతి నాకెరుక లేదా అవ్వా?"

అంతే. మంజమ్మ చీపురు తీసుకుంది. తొట్టి చుట్టూ ఊడ్చి, దాన్ని అక్కడే వదిలేసింది.

మర్నాడు చైత్ర హాస్టలుకు వచ్చింది, తమ్ముణ్ని చంకన వేసుకుని. కొంచెం పొడుగైంది. చంకన పిల్లవాడు లేకపోయినా ఒక పక్కకు వంగే నిలబడుతుందనిపించేట్టుగా నిలబడింది. కిటికీ కింద చాప చూసి, "ఇదెవరిది?" అంది.

"నీదే."

"ఓ" అంది పిల్ల. కూర్చోలేదు.

తిమ్మక్క రేకుడబ్బా తెచ్చి మూత తీసింది. పుస్తకాలు ఒక్క మూల కూడా చెడలేదు. చైత్ర ఒక్కొక్కటే తిరగేసి, బొమ్మలెక్కువున్న దాన్ని పక్కకు తీసింది.

"ఇది పట్కపోత అవ్వా. తమ్ముడు ఏడిస్తే బొమ్మలు చూపిస్త."

"చదువుకోనీకె?"

"ఇవి ఐదోవి గద" అంది చైత్ర, తిమ్మక్క పాఠం తప్పు చదివితే దిద్దినంత మెల్లగా. "నా జతోళ్లందరు ఆరుకు పోతరు ఇప్పుడు."

మూడో రోజు బస్సు దగ్గర నింగప్ప మూటలెక్కించాడు. గుండు చేసిన తల మీద గంధంతో విశాల్ నిద్రపోతున్నాడు. మంజమ్మ వచ్చి నీలం పేలిక తాళంచెవి తిమ్మక్క చేతిలో పెట్టింది.

"నీ తానే ఉండనియ్యి" అంది.

తిమ్మక్క ఆ తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది. మళ్లొస్తం అని మంజమ్మ అనలేదు, కానీ తాళంచెవి ఇచ్చింది కదా అనుకుంది. ఇవ్వకుండా పోవచ్చు కదా, ఇచ్చింది. తర్వాతి రెండు రోజులూ ఆమెకు అన్నం రుచి తెలిసింది. మేకుకు తగిలిస్తూ పేలిక ముడి సర్ది బిగించింది కూడా.

శుక్రవారం పొద్దున చీపురు, సీసా, ముగ్గుడబ్బా పట్టుకుని బయల్దేరింది. ఎండ అప్పుడే ముదురుతోంది. పంచాయతీ గోడ ముందు చేతిపంపు వరసలో హాస్టలు పిల్లలు బకెట్లు పట్టుకుని నిలబడ్డారు, పెద్దవాళ్ల మధ్యన. సౌభాగ్యలక్ష్మి ఒక పిల్లవాడి బకెట్‌ను కాలితో వెనక్కి నెడుతోంది.

ఐదో ఇల్లు నింగప్పది. ఊడ్చింది. ఆముదం సీసా మూత తీసి తాళం పట్టుకుంది. పట్టుకోగానే చేతికి తేడా తెలిసింది. బరువు వేరు. పాతది నల్లటి ఇనుప తాళం, మూలన సొట్ట ఉండేది. ఇది పసుపుపచ్చగా మెరుస్తోంది. రాయచూరు బజారులో దొరికే కొత్త రకం. అడుగున కంపెనీ పేరు, అంకె. ఆమె అలవాటుగా ఆ పేరు చదివింది. అంకె కూడా చదివింది.

కొత్త తాళానికి ఆముదం అక్కర్లేదు. సీసాకు మూత పెట్టింది.

గడప ముందు వంగి ముగ్గు తీసింది. గీత సగం దాకా వచ్చాక, ఇది ఎవరు వెయ్యమన్నారని ఆగింది. సగం గీత బాగుండదు. మిగిలిందీ పూర్తి చేసి లేచింది.

ఇంటికి వచ్చి నీలం పేలిక విప్పింది. ఆ తాళంచెవినీ పెట్టె తాళంచెవినీ గుత్తిలోంచి తీసి, మేకుకు అటుపక్క, పక్కపక్కన తగిలించింది. రెండూ ఒకదానికొకటి తగిలి చిన్న చప్పుడు చేసి ఆగాయి.

సాయంత్రం గోవిందప్ప అరుగు ముందు ఆగాడు. "దీపావళి కాంగనే మళ్ల గింజల మీటింగు, తిమ్మక్కా. మేడమ్ ఇప్పట్నుంచే పేర్లు రాసుకుంటున్నది. నీ తాళాలెన్ని? పద్నాలుగే గదా?"

"పదమూడు."

"ఎట్ల? ఎవరన్నా మళ్లొచ్చిండ్రా?"

తిమ్మక్క ఒడిలోని చేటలో బియ్యం ఏరుతోంది. రాయి ఒకటి దొరికితే వాకిట్లోకి విసిరింది.

"పదమూడని రాసుకో" అంది.